రాజధాని పేరు ఎవరిది? టోల్టెకుల టొల్లాన్, మన దంతపురం, కళింగనగరం

గిడుగు వేంకట రామమూర్తి స్మారక ఉపన్యాసం, జలంత్రకోట



గిడుగు పేరు వినగానే మనకు వ్యావహారిక భాషోద్యమం గుర్తుకొస్తుంది. ఆయన పుట్టిన ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. సవరల మధ్య తిరిగి, వారి భాష నేర్చి, దానికి వ్యాకరణమూ నిఘంటువూ కూర్చిన మనిషిగానూ ఆయన మనకు తెలుసు. ఈ రెండు పెద్ద పనుల చాటున ఆయన చేసిన మూడో పని ఒకటి మరుగున పడిపోయింది. 1863లో శ్రీముఖలింగానికి చేరువలో, వంశధార దగ్గరి పర్వతాలపేటలో ఆయన పుట్టారు. పర్లాకిమిడిలో బడిపంతులుగా ఉంటూ, చెప్పే గురువు లేకపోయినా పుస్తకాలు తెప్పించుకుని పాత లిపులు నేర్చారు. ముఖలింగం గుడి రాళ్ల మీది శాసనాలు చదివారు. కళింగాన్ని ఏలిన గాంగరాజుల రాగిరేకులు చదివి పండిత పత్రికలలో ప్రకటించారు. ఆ రాజులు తమ పట్టణమని చెప్పుకున్న కళింగనగరం ఈ ముఖలింగమేనని వాదించారు. శాలిహుండం కొండ మీది బౌద్ధ శిథిలాలను 1919లో లోకం దృష్టికి తెచ్చిందీ ఆయనే. జనం నోట ఉన్న మాటను గౌరవించడం, రాతిలో ఉన్న అక్షరాన్ని నమ్మడం, ఈ రెండూ ఆయనలో కలిసి ఉండేవి. ఈ రోజు నేను చెప్పబోయే వాదానికి మూలం ఆ కలయికే.

నా వాదం ఒకటే. పురాతన రాజధాని పేరు ఒక ఊరికి మాత్రమే చెందిన ఆస్తి కాదు. అది అధికారానికి గుర్తుగా ఒక ఊరి నుంచి మరో ఊరికి, ఒక వంశం నుంచి మరో వంశానికి చేతులు మారుతుంది. కాబట్టి మన కళింగ రాజధానుల్లో అసలు దంతపురం ఏది, అసలు కళింగనగరం ఏది అని ఒకే దిబ్బ కోసం వెతకడం కంటే, ఆ పేరును ఎవరు, ఎప్పుడు, ఎందుకు పెట్టుకున్నారు అని అడగడం మేలు. ఈ సంగతి బాగా తేటతెల్లమయ్యే చోటు మనకు చాలా దూరంలో ఉంది. అది మెక్సికో. అందుకే ముందు అక్కడికి వెళ్లి, తరవాత వంశధార ఒడ్డుకు వద్దాం.

1. దూరదేశం కథ ఇక్కడెందుకు

ఉద్దానం ప్రాంతపు సభలో మెక్సికోకు చెందిన టోల్టెకుల ఊసెందుకని కొందరికి అనిపించవచ్చు. గుమ్మానికి కట్టే బంతిపూల తోరణం, పులుసులో వేసే మిరపకాయ, చేలో నిలబడ్డ మొక్కజొన్న, మూడూ పుట్టింది మెక్సికో వైపే. ఈ తీరానికి బతుకుతెరువైన జీడిమామిడిది బ్రెజిల్. అమెరికా ఖండంతో మన సంసారం ఎప్పుడో కలిసిపోయింది. అయితే ఈ పంటలే మరో ముఖ్యమైన సంగతి కూడా చెబుతాయి. మాయా జాతివారు మన మయాసురుడి సంతతి అని, అక్కడి పిరమిడ్లకు మన గోపురాలే మూలమని తరచూ వింటుంటాం. అలాంటి రాకపోకలు ప్రాచీన కాలంలో ఉండి ఉంటే మిరపకాయ మనకు అప్పుడే అంది ఉండేది. ఐరోపా ఓడలు అట్లాంటిక్ దాటిన తరవాత గానీ మిరప మన వంటింట్లోకి రాలేదు. అంతకు ముందు మన కారం ఎక్కువగా మిరియాలదే. కాబట్టి నేను చుట్టరికం కలపడానికి రాలేదు. ఒకరి ఉనికి ఒకరికి తెలియకుండా బతికిన రెండు సమాజాలు గత వైభవంతో ఒకే రకంగా ఎలా వ్యవహరించాయో చూపించడానికి వచ్చాను. చుట్టరికం లేకపోవడమే ఈ పోలికకు బలం. ఒకరిని చూసి ఒకరు నేర్చుకోలేదు గనుక, ఇది రాజ్యాధికారపు స్వభావంలోనే ఉన్న లక్షణమని చెప్పవచ్చు.

మధ్య అమెరికా నాగరికతల వరస క్లుప్తంగా చెబుతాను. మెక్సికో సింధుశాఖ తీరపు చిత్తడి నేలల్లో క్రీ.పూ. 1200 నుంచి ఒల్మెకులు మనిషెత్తుకు మించిన రాతి తలలు చెక్కారు. క్రీస్తుశకం తొలి శతాబ్దాలలో మెక్సికో లోయలో తియోతివాకాన్ మహానగరంగా ఎదిగింది. అక్కడి సూర్య పిరమిడ్ ఎత్తు సుమారు 65 మీటర్లు. జనాభా లక్ష దాకా ఉండి ఉంటుందని అంచనా. దక్షిణాన మాయా రాజ్యాలు లిపిని, పంచాంగ గణితాన్ని ఎంతో దూరం తీసుకెళ్లాయి. తియోతివాకాన్ కూలిన తరవాత, సుమారు క్రీ.శ. 900 నుంచి 1150 వరకు, మెక్సికో నగరానికి ఉత్తరాన ఉన్న తూలా వెలిగింది. టోల్టెకుల నగరమని నేడు చెప్పేది దానినే. చివరగా 1325లో సరస్సు మధ్య దీవిలో అజ్టెకులు తెనోచ్తిత్లాన్ కట్టుకున్నారు. 1521లో స్పెయిన్ సేనలు దాన్ని పడగొట్టాయి.

2. ఒకే పేరు, ఎన్నో నగరాలు

అజ్టెకుల రాజ్యం కూలిన తరవాత బెర్నార్డినో దె సహగూన్ అనే స్పెయిన్ సన్యాసి అక్కడి పెద్దలను కూర్చోబెట్టి, వారి భాషలోనే వారి జ్ఞాపకాలు రాయించాడు. ఆ పెద్దలు చెప్పిన టోల్టెకులు మామూలు మనుషులు కారు. వారి రాజధాని టొల్లాన్‌లో పచ్చరాళ్ల ఇళ్లు, బంగారపు ఇళ్లు, పక్షి ఈకలతో అలంకరించిన ఇళ్లు ఉండేవట. పత్తి రంగురంగులుగా చెట్టు మీదే కాసేదట. మొక్కజొన్న కండె ఒక్కొక్కటీ రెండు చేతులతో కావలించుకుని మోయాల్సినంత ఉండేదట. చేతిపనులన్నీ, కాలగణనతో సహా, వారు కనిపెట్టినవేనట. వారి ప్రభువు కెట్జల్‌కోఅట్ల్ నగరం విడిచి తూర్పు సముద్రం వైపు వెళ్లిపోయాడట. కృతయుగపు వర్ణనలు విని పెరిగిన మనకు ఈ తీరు కొత్తేమీ కాదు.

ఈ టొల్లాన్ ఎక్కడిది? పంతొమ్మిదో శతాబ్దం చివర్లో ఫ్రెంచి యాత్రికుడు డెజిరె షార్నె తూలాలో తవ్వి, అదే టొల్లాన్ అన్నాడు. చాలామంది పండితులు ఒప్పుకోలేదు. అంత గొప్పగా వర్ణించిన నగరం మహత్తరమైన తియోతివాకాన్ అయి ఉండాలి గానీ ఈ చిన్న తూలా ఎలా అవుతుందని వారి ప్రశ్న. 1941లో మెక్సికో మానవశాస్త్ర సంఘం ఈ ఒక్క విషయం మీదే పండితుల సమావేశం జరిపింది. విగ్‌బెర్తో హిమెనెజ్ మొరెనో పాత వృత్తాంతాలలో ఉన్న కొండల పేర్లు, నదుల పేర్లు, చుట్టుపక్కల పల్లెల పేర్లు తీసి, అవి ఇప్పటికీ తూలా చుట్టూ ఉన్నాయని చూపించాడు. హోర్గె అకోస్తా ఇరవై ఏళ్ల పాటు చేసిన తవ్వకాలలో పిరమిడ్, స్తంభాల మండపాలు, బంతాట మైదానాలు, పాము శిల్పాల గోడ బయటపడ్డాయి. వివాదం తీరినట్టే కనిపించింది.

కానీ తీరలేదు. తియోతివాకాన్ పలుకుబడి దూరదేశాలకు పాకిన కాలంలో, అంటే తూలా వెలగడానికి ఎన్నో వందల ఏళ్ల ముందు, మాయా రాజులు తమ శాసనాలలో రెల్లుగడ్డి నేల అనే అర్థమున్న గుర్తుతో ఒక నగరాన్ని పేర్కొన్నారు. టొల్లాన్ అన్నా అదే అర్థం. ఆ గుర్తు తియోతివాకాన్‌ను సూచిస్తుందని శాసన పండితుడు డేవిడ్ స్టువర్ట్ వాదించాడు. ప్రపంచంలోనే పరిమాణంలో పెద్ద పిరమిడ్ ఉన్న చొలూలాకు కూడా టొల్లాన్ అన్న బిరుదు ఉంది. ఇతర పట్టణాల ప్రభువులు అక్కడికి వెళ్లి తమ పదవిని ఖాయం చేయించుకునేవారు. తెనోచ్తిత్లాన్ సైతం ఆ బిరుదు తగిలించుకుంది. గ్వాటెమాలాలోని కిచే మాయా ప్రజల పురాణంలో వారి పూర్వీకులు దేవతలను అందుకున్న చోటు కూడా తులానే. అంటే టొల్లాన్ ఒక ఊరి పేరుగా ఉంటూనే పట్టణానికి, నాగరికతకు, న్యాయమైన రాచరికానికి మారుపేరయింది. మన ఇంటిపేర్లు చూడండి. ఏదో ఊరి పేరు ఇంటిపేరైన కుటుంబం ఆ ఊరు విడిచి పది తరాలైనా ఆ పేరే చెప్పుకుంటుంది. ఇంటిపేరు అబద్ధం కాదు. కానీ దాన్ని బట్టి ఇప్పటి చిరునామా కనుక్కోలేం.

3. వారసులు రాసిన చరిత్ర

పేరు ఎందుకు చేతులు మారుతుందో అజ్టెకుల కథలో స్పష్టంగా కనిపిస్తుంది. మెక్సికో లోయకు వారు ఆలస్యంగా వచ్చిన వలసజనం. అప్పటికే అక్కడ స్థిరపడిన పట్టణాలవారు వారిని తక్కువగా చూశారు. లోయలోని కుల్వాకాన్ పట్టణపు ప్రభువులు మాత్రం తాము టోల్టెకుల సంతతి అని చెప్పుకునేవారు. అజ్టెకులు ఆ వంశంతో సంబంధం ఉన్న అకామాపిచ్‌త్లిని తమ మొదటి రాజుగా నిలుపుకున్నారు. దాంతో దీవిలో గుడిసెలు వేసుకున్న జనానికి ఒక్కసారిగా టొల్లాన్ వారసత్వం వచ్చింది. సుమారు 1430 ప్రాంతంలో ఇట్జ్‌కోఅట్ల్ అనే రాజు పాత చిత్రలిపి పుస్తకాలను తగలబెట్టించాడని సహగూన్‌కు చెప్పిన పెద్దలే చెప్పారు. పాత పుస్తకాలు పోయిన చోట కొత్త చరిత్ర రాయించడం సులువైంది.

ఇంతకంటే దగ్గరగా చూడదగిన సాక్ష్యం తూలా పిరమిడ్ మీద ఉంది. అక్కడ ఇప్పుడు నాలుగు రాతి యోధులు నిలబడి ఉన్నారు. ఒక్కొక్కరి ఎత్తు సుమారు పదిహేను అడుగులు. నాలుగేసి రాతి ముక్కలను ఒకదాని మీద ఒకటి కూర్చి నిలబెట్టిన స్తంభాలు అవి. తల మీద ఈకల కిరీటం, ఛాతీ మీద సీతాకోకచిలుక ఆకారపు కవచం, చేతిలో ఈటె విసిరే సాధనం. ఒకప్పుడు గుడి కప్పును ఇవే మోసేవి. అకోస్తాకు ఇవి నిలబడి దొరకలేదు. పిరమిడ్‌ను చీల్చుతూ ఎవరో తవ్విన లోతైన కందకంలో ముక్కలుగా పడి ఉన్నాయి. తూలా పతనమైన తరవాత అజ్టెకుల కాలపువారు అక్కడ తవ్వి శిల్పాలు పట్టుకుపోయారని, అక్కడ తమ నైవేద్యాలు పెట్టారని ఆధారాలున్నాయి. 1978 నుంచి మెక్సికో నగరం నడిబొడ్డున జరిగిన మహాలయ తవ్వకాలలో గరుడ మందిరం అనే కట్టడం బయటపడింది. అందులోని రాతి అరుగుల మీద వరసగా నడుస్తున్న యోధుల బొమ్మలు తూలా అరుగులను చూసి చెక్కినవి. అజ్టెకులు టోల్టెకులను మాటల్లో పొగిడి ఊరుకోలేదు. వారి రాళ్లను తవ్వి తెచ్చి, వారి శైలిని అనుకరించి, తమ రాజ్యానికి వయసు పోసుకున్నారు.

ఇక్కడ ఒక ఆక్షేపణ ఉంది. అజ్టెకుల మాట ఇంత స్వార్థంతో కూడినదైతే టోల్టెకుల కథంతా కల్పనే కదా? సుసాన్ గిలెస్పీ 1989లో అచ్చయిన గ్రంథంలో ఈ రాజుల కథలు చాలావరకు పురాణ కల్పనలని గట్టిగా వాదించింది. ఆ వాదంలో బలముంది. రాజుల పేర్లు, ఏళ్లు ఒక వృత్తాంతానికి ఒకటి పొసగవు. కానీ తూలా నగరం కల్పన కాదు. వేల జనం బతికిన పట్టణం అది. పచ్చని అగ్నిశిలతో పనిముట్లు చేసిన కార్మికుల వాడలు అక్కడ దొరికాయి. యుకతాన్‌లోని చిచెన్ ఇట్జాలో ఉన్న యోధుల ఆలయం తూలా పిరమిడ్‌ను బాగా పోలి ఉంది. టోల్టెకులు వెళ్లి ఆ నగరాన్ని జయించారని ఒకప్పుడు ఢంకా బజాయించి చెప్పేవారు. కాలనిర్ణయాలు మెరుగైన కొద్దీ ఆ జైత్రయాత్ర మీద అనుమానం పెరిగింది. రెండు నగరాల మధ్య సంబంధం మీద మాత్రం అనుమానం లేదు. కథను నమ్మి మట్టిని దానికి తగ్గట్టు చదివితే జైత్రయాత్ర పుట్టింది. మట్టిని ముందు చదివితే సంబంధం ఎలాంటిదన్న అసలు ప్రశ్న బయటపడింది. కథ, మట్టి, రెండూ సాక్షులే. అయితే కథ తనను చెప్పినవారి కాలానికి సాక్షి. మట్టి తనలో పూడిపోయిన కాలానికి సాక్షి.

4. మన దంతపురం, మన కళింగనగరం

ఇప్పుడు మన నేలకు వద్దాం. పాలి బౌద్ధ వాఙ్మయంలో కళింగ రాజధాని దంతపురం. దీఘనికాయంలోని మహాగోవింద సుత్తం దాన్ని పేర్కొంది. జాతక కథలలో అది తరచూ వస్తుంది. బుద్ధుడి దంతధాతువు ఇక్కడే పూజలందుకుందని, హేమమాల, దంతకుమారుడు దాన్ని రహస్యంగా సింహళానికి చేర్చారని దాఠావంసం చెబుతుంది. ఈ దంతపురాన్ని కొందరు పూరీ అన్నారు. కొందరు పశ్చిమ మేదినీపూర్ జిల్లా దంతన్ అన్నారు. మరికొందరు రాజమహేంద్రవరం, గంజాం దగ్గరి పాలూరు పేర్లు చెప్పారు. మన సరుబుజ్జిలి మండలంలో, వంశధారకు చేరువలో ఉన్న దంతవరపుకోట అన్నవారూ ఉన్నారు. అక్కడ మట్టికోట గోడ నేటికీ కనిపిస్తుంది. రాష్ట్ర పురావస్తు శాఖ తవ్వకాలలో బౌద్ధ అవశేషాలు, చారిత్రక యుగారంభపు మట్టిపాత్రల పెంకులు దొరికాయి.

కళింగనగరం సంగతి ఇంకా ఆసక్తికరం. భువనేశ్వర్ దగ్గర ఉదయగిరి మీద హాథీగుంఫా శాసనంలో కళింగ రాజు ఖారవేలుడు, తాను పట్టాభిషిక్తుడైన మొదటి ఏడే, గాలివానకు దెబ్బతిన్న కళింగనగరి ద్వారాలను, గోడలను బాగుచేయించానని రాయించాడు. ఇది క్రీస్తుకు పూర్వపు మాట. ఆ నగరం భువనేశ్వర్ శివార్లలోని శిశుపాల్‌గఢ్ అని చాలామంది పండితుల అభిప్రాయం. 1948లో బి.బి. లాల్ అక్కడ తవ్వకాలు జరిపి, చుట్టూ కోట గోడతో, ద్వారాలతో పద్ధతి ప్రకారం కట్టిన నగరాన్ని వెలికి తీశారు. ఆ తరవాత క్రీ.శ. నాలుగైదు శతాబ్దాలలో మాఠర వంశపు రాజులు శ్రీకాకుళం పక్కనే ఉన్న సింహపురం, అంటే నేటి సింగుపురం నుంచి తమ శాసనాలిచ్చారు. వారి తరవాత గాంగులు వచ్చారు. గాంగశకం సుమారు క్రీ.శ. 498లో మొదలైంది. ఆ శకం 39వ ఏట, అంటే సుమారు 537లో, ఇంద్రవర్మ ఇచ్చిన రాగిరేకులు టెక్కలి ప్రాంతంలోని జిర్జింగిలో దొరికాయి. అవి దంతపురం నుంచి ఇచ్చినవి. సుమారు నలభై ఏళ్లకు, 80వ ఏట, హస్తివర్మ ఇచ్చిన ఉర్లాం రేకులు కళింగనగరం నుంచి ఇచ్చినవి. 87వ ఏటి అచ్యుతాపురం రేకులూ అక్కడి నుంచే.

ఈ రాగిరేకులు ఎలా ఉంటాయో తెలియనివారి కోసం చెబుతున్నాను. చేతికి ఇమిడే పొడవాటి రేకులను ఒక కడియానికి గుచ్చి, ఆ కడియానికి రాజముద్ర వేస్తారు. దానం ఏ పట్టణం నుంచి ఇస్తున్నారో మొదటే చెబుతారు. మహేంద్రగిరి మీది గోకర్ణస్వామి పాదసేవకుడైన రాజు ఫలానా ఊరిని ఫలానావారికి ఇచ్చాడని రాస్తారు. పుట్ట, చెట్టు, చెరువు, రాయి గుర్తులుగా పొలిమేరలు చెబుతారు. ఏడు, తిథి వేసి ముగిస్తారు. పలాస దాటగానే పడమటి ఆకాశంలో కనిపించే ఆ మహేంద్రగిరే ఇది. రాగిరేకు అంటే దానానికి, పొలిమేరకు రుజువుగా రాసుకున్న దస్తావేజు. అందులో రాజును ఎంత పొగిడినా, ఊరి పేరులోనూ హద్దులలోనూ అబద్ధం రాస్తే దానం పుచ్చుకున్నవాడికే నష్టం. అందుకే రేకు మొదట ఉన్న పట్టణం పేరును నేను బలమైన సాక్ష్యంగా తీసుకుంటాను. క్రీ.శ. ఆరో శతాబ్దంలో ఈ ప్రాంతపు రాజులకు దంతపురం అనే పాలనా కేంద్రం నిజంగా ఉంది.

ఇప్పుడు రెండు వరసలనూ పక్కపక్కన పెట్టి చూడండి. మహానది దిగువన ఖారవేలుడి కళింగనగరి. ఆరేడు వందల ఏళ్ల తరవాత వంశధార ఒడ్డున గాంగుల కళింగనగరం. ఒకటి నిజమైతే మరొకటి అబద్ధం కావాలా? పండితులు చాలాకాలం అలాగే వాదించుకున్నారు. టొల్లాన్‌ను చూసినవారికి ఆ వాదన అనవసరమనిపిస్తుంది. కళింగాన్ని ఏలుతున్నాం అని చెప్పుకునే రాజు తాను కూర్చున్న పట్టణానికి కళింగనగరమని పేరు పెట్టుకుంటాడు. బౌద్ధ కథల ద్వారా దేశదేశాలకు తెలిసిన దంతపురం పేరును మరొక రాజు తన కోటకు నిలుపుకుంటాడు. పాలి గ్రంథాల దంతపురం, జిర్జింగి రేకుల దంతపురం ఒకే చోట ఉండి ఉండవచ్చు, లేకపోవచ్చు. రెండూ వేర్వేరు ప్రశ్నలు. వేర్వేరుగానే తేల్చుకోవాలి.

గిడుగు పద్ధతి ఇక్కడే మనకు దారి చూపుతుంది. కళింగనగరం సముద్రతీరపు కళింగపట్నమని మరో వాదం ఉండేది. పేరు కలిసింది గనుక ఒప్పుకోవడం తేలిక. గిడుగు అలా ఒప్పుకోలేదు. ముఖలింగం గుడులలోని శాసనాలు మధుకేశ్వరస్వామి ఉన్న ఊరిని నగరమనే పిలవడం, పక్కనే నగరికటకం అనే ఊరు ఉండటం, గాంగుల రేకులు ఆ చుట్టుపక్కలే దొరకడం, ఇవన్నీ కలిపి చూశారు. ఇది పంతొమ్మిదో శతాబ్దం చివరి దశాబ్దంలో జరిగిన పని. హిమెనెజ్ మొరెనో తూలా చుట్టూ ఊళ్ల పేర్లు ఏరి చూపడానికి దాదాపు అర్ధ శతాబ్దం ముందే, పర్లాకిమిడి పంతులుగారు అదే దారిన నడిచారు. ఈ సంగతి మన పిల్లలకు పాఠంగా చెప్పాలి.

5. చోడగంగుడి వంశావళి

వారసులు చరిత్ర రాసుకోవడం మనవైపు ఎలా జరిగిందో ఇప్పుడు చూద్దాం. 1078లో పట్టాభిషిక్తుడైన అనంతవర్మ చోడగంగుడు రాజ్యాన్ని ఉత్తరాన చాలా దూరం పెంచాడు. పూరీ జగన్నాథాలయానికి ఆద్యుడు ఆయనే. శకవర్షం 1040లో, అంటే క్రీ.శ. 1118 ప్రాంతంలో, ఆయన ఇచ్చిన రాగిరేకులలో సుదీర్ఘమైన వంశావళి ఉంది. విష్ణువుతో, బ్రహ్మతో, చంద్రుడితో మొదలై, తుర్వసుడి మీదుగా కోలాహలపురానికి వస్తుంది. అక్కడి నుంచి కామార్ణవుడు నలుగురు తమ్ముళ్లతో కళింగానికి వచ్చి, మహేంద్రగిరి ఎక్కి, గోకర్ణస్వామిని కొలిచి, వృషభ లాంఛనం పొంది, ఈ దేశాన్ని గెలిచాడని చెబుతుంది. ఆయన రాజధాని పేరు జంతావురం. దంతపురానికి అది మారిన రూపమని పండితులు భావించారు. తరవాతి కామార్ణవుడు నగరం అనే పట్టణంలో మధుకేశ్వరుడి గుడి కట్టించాడట.

ఈ వంశావళిని తొలి గాంగుల రేకులతో పోల్చి చూస్తే తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ఆరో శతాబ్దపు ఇంద్రవర్మ, హస్తివర్మ ఈ జాబితాలో లేరు. తమ దేశంలో, తమ నగరంలో, తమ దేవుడి పేరు మీద దానాలిచ్చిన రాజులను వారసులు మరిచిపోయారు. అదే సమయంలో దంతపురం, నగరం, గోకర్ణస్వామి, ఈ మూడు పేర్లనూ గట్టిగా పట్టుకున్నారు. మనుషులు జారిపోయారు, పేర్లు నిలిచాయి. రాజ్యం పెరిగినప్పుడు వంశావళీ పెరిగింది. ఉత్కళాన్ని గెలిచి గోదావరి నుంచి గంగదాకా చూపు సారించిన రాజుకు చంద్రవంశమూ, మహేంద్రగిరి అనుగ్రహమూ, పాత రాజధాని పేరూ అవసరమయ్యాయి. అజ్టెకులకు టొల్లాన్ ఎందుకు కావలసి వచ్చిందో చోడగంగుడికి దంతపురం అందుకే కావలసి వచ్చింది.

ఒక తేడా మాత్రం ఉంది. అది మన అదృష్టం. తూలా రాజులు తమ గురించి తాము రాసుకున్న గ్రంథం ఒక్కటీ మనకు దక్కలేదు. ఉన్నదంతా వారసుల మాటే. మనకు మాత్రం వారసుల మాట, పూర్వుల మాట, రెండూ రాగిరేకుల మీద మిగిలాయి. రెండింటినీ పక్కపక్కన పెట్టి, ఎక్కడ సరిపోయాయో ఎక్కడ పొసగలేదో చూడగలిగే వీలు ప్రపంచంలో చాలా తక్కువ ప్రాంతాలకు ఉంది. మెక్సికో పండితులు తమకు లేక అల్లాడుతున్న సాక్ష్యం మన టెక్కలి, నరసన్నపేట మాగాణుల్లో దొరికింది. ఆ సంపద విలువ మనం ఇంకా పూర్తిగా గుర్తించలేదన్నది నా బాధ.

6. ఎదురయ్యే ప్రశ్నలు

మీలో కొందరి మనసులో ఒక ప్రశ్న కదులుతూ ఉండవచ్చు. దంతపురం మాదే అని ఇన్నాళ్లూ గర్వంగా చెప్పుకున్నాం, పేరు ఊళ్లు తిరుగుతుందని చెప్పి ఆ గర్వం కూడా తీసేస్తారా అని. నేను తీసేయడం లేదు, దానికి గట్టి పునాది వెతుకుతున్నాను. పాలి గ్రంథపు దంతపురం మాదే అని పట్టుబడితే, రేపు ఎవరైనా మరో చోట మరో ఆధారం చూపగానే అంతా పోతుంది. ఆరో శతాబ్దంలో ఈ వంశధార లోయ రాజులు దంతపురం నుంచి శాసనమిచ్చారని చెప్పండి. దాన్ని ఎవరూ కాదనలేరు, ఎందుకంటే రేకు ఉంది.

కళింగం ఒడిశాదా, ఆంధ్రాదా అన్నది మరో ప్రశ్న. పర్లాకిమిడి 1936లో ఒడిశాలో కలిసింది. గిడుగు తన జీవితమంతా పనిచేసిన ఊరు విడిచి రాజమహేంద్రవరం వెళ్లిపోయారు. ఆ హద్దు పాలన కోసం గీసినది. ఖారవేలుడికి, ఇంద్రవర్మకు అది తెలియదు. శిశుపాల్‌గఢ్‌నూ ముఖలింగాన్నీ పోటీకి నిలబెట్టడమంటే నేటి హద్దును రెండు వేల ఏళ్లు వెనక్కి లాక్కెళ్లడమే. పేరు ప్రయాణం చేస్తుందని ఒప్పుకుంటే రెండింటికీ గౌరవం దక్కుతుంది.

మూడో ప్రశ్న ఇంకా కఠినమైనది. పేర్లన్నీ రాజకీయమే అయితే, స్థలాలను గుర్తించే శ్రమ ఎందుకు? పేరు ప్రయాణం చేయాలంటే ఎక్కడో ఒకచోట బయలుదేరాలి, దారిలో కొన్నిచోట్ల ఆగాలి. ఆగిన ప్రతిచోటా జనం బతికారు, కుండలు చేశారు, గుడి కట్టారు, పన్ను కట్టారు. ఆ బతుకు ఏ వంశావళిలోనూ రాదు. దాన్ని మట్టిలోనే చదవాలి. పేరు ఆగిన చోట్లు ఒకటికంటే ఎక్కువ అని తెలిసినప్పుడు వెతకవలసిన పని పెరుగుతుంది, తగ్గదు.

7. మన వంతు

అందుకే ఈ వాదం చివరికి ఒక బాధ్యత దగ్గరికి తీసుకొస్తుంది. ఒకే అసలైన నగరం ఉందని నమ్మినంతకాలం ఆ పేరు దక్కని దిబ్బలకు విలువ ఉండదు. రోడ్డుకో, ఇంటి పునాదికో మట్టి కావాలంటే వాటినే ట్రాక్టర్లకు ఎత్తుతారు. పేరు లేని దిబ్బ కూడా సాక్షే అని గ్రహించినప్పుడే వాటిని కాపాడుకుంటాం. తూలా శిల్పాలు ముక్కలుగానైనా దొరకబట్టి తిరిగి నిలబెట్టగలిగారు. చదును చేసిన దిబ్బను తిరిగి పేర్చడం ఎవరి తరమూ కాదు.

ఈ సభలో ఉన్నవారు చేయగలిగిన పనులు మూడున్నాయి. ఉపాధ్యాయులు తమ మండలంలోని దిబ్బలు, పాత గుళ్లు, రాతి మీది అక్షరాలు ఎక్కడెక్కడున్నాయో విద్యార్థులతో జాబితా రాయించి, ఫొటోలు తీయించి ఉంచాలి. ఊళ్ల పేర్లు, చెరువుల పేర్లు, పొలాల పేర్లు కూడా అందులో చేర్చాలి. గిడుగుకూ హిమెనెజ్ మొరెనోకూ పని చేసిపెట్టినవి అవే. గుడి ధర్మకర్తలు శాసనాల మీద సున్నం, రంగు వేయించకూడదు. దున్నేటప్పుడు రాగిరేకులు గానీ నాణేలు గానీ దొరికిన రైతులు వాటిని పాత సామాను కొట్టుకు వేయకుండా కలెక్టరుకు తెలియజేయాలి. 1878 నాటి నిధుల చట్టం కోరేది అదే, దొరికినవారి హక్కు గురించి చెప్పేదీ ఆ చట్టమే. ఒక రేకు కరిగిపోతే ఒక రాజు, ఒక ఊరు, ఒక పొలిమేర చరిత్రలోంచి శాశ్వతంగా తుడిచిపెట్టుకుపోతాయి. జిర్జింగి రేకులు కరిగిపోయి ఉంటే ఈ రోజు దంతపురం గురించి నేను చెప్పిన గట్టి మాట ఒక్కటీ చెప్పగలిగేవాణ్ని కాదు.

గొప్ప పేర్లను రాజులు వాడుకున్నారు. అది వారి అవసరం. ఆ పేర్ల కింద ఉన్న నేలను చదవడం మన అవసరం. ఆ చదువు నేర్చుకోవడానికి డబ్బు, పదవి అక్కర్లేదని, ఓపిక, నిజాయితీ చాలునని ఈ జిల్లా బడిపంతులు ఒకరు ఎప్పుడో రుజువు చేశారు. ఆయన పేరున ఇక్కడ చేరిన మనం, ముఖ్యంగా ఇక్కడున్న ఉపాధ్యాయులు, ఆ పనిని మన పనిగా అందుకోవాలని కోరుతున్నాను.